రోడ్డెక్కితే జరిమానా, ఎక్కకున్నా సెస్సు

దమ్ము చక్రాలు బిగించిన ట్రాక్టరు తారు రోడ్డెక్కితే ఏమవుతుందో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు. ఇనుప రెక్కలు రోడ్డును చీల్చేస్తాయని అధికారులు ఏటా నాట్ల ముందు హెచ్చరిస్తారు. పట్టుబడితే జరిమానా. అందుకే చాలామంది చక్రాలు విప్పి ట్రాలీలో వేసుకుపోయి, పొలం గట్టు దగ్గర మళ్లీ బిగించుకుంటారు. ఆ నిబంధనతో మాకు పేచీ లేదు. రోడ్డు అందరిదీ. దాన్ని పాడుచేసే హక్కు మనకు లేదు.

మన పేచీ వేరే ఉంది. రోడ్డెక్కకూడదని ఆంక్ష పెట్టిన ఆ ట్రాక్టరు ట్యాంకులో పోసుకున్న ప్రతి లీటరు డీజిల్ మీద రోడ్డు సెస్సు వసూలవుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాలి లోతు బురదలో తిరిగే బండికీ, జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి ముంబయి పోయే లారీకీ ఒకే పన్ను. రోడ్డెక్కితే జరిమానా, ఎక్కకున్నా సెస్సు. ఇదేం న్యాయం?

ఒక లీటరులో ఏముంది?

బంకులో మనం చెల్లించే ధరలో కేంద్రం వాటా ఎంతో, రాష్ట్రం వాటా ఎంతో బిల్లు మీద ఉండదు. కాబట్టి మనమే విప్పి చూద్దాం. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరు డీజిల్ మీద కేంద్ర ఎక్సైజ్ 17 రూపాయల 80 పైసలు అయింది. ఇందులో మూల ఎక్సైజ్ 1.80, ప్రత్యేక అదనపు ఎక్సైజ్ 10, వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు 4, రోడ్డు, మౌలిక వసతుల సెస్సు 2 రూపాయలు.

రోడ్డు సెస్సు 2 రూపాయలే కదా అని ఎవరైనా అనవచ్చు. అది 2 రూపాయలకు దిగింది 2022 మే నెలలో. అంతకు ముందు కథ గుర్తు చేసుకుందాం. 2018 బడ్జెట్లో దీన్ని లీటరుకు 8 రూపాయలుగా పెట్టారు. 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతా ముడిచమురు ధర కుప్పకూలిన రోజుల్లో ఆ లాభం మనకు రానివ్వకుండా మే నెలలో ఒక్క దెబ్బకు డీజిల్ ఎక్సైజ్ 13 రూపాయలు పెంచారు. అందులో 8 రూపాయలు రోడ్డు సెస్సు పేరుతోనే. అంతకు ముందు పెంపులూ కలిపి అది 18 రూపాయలకు చేరింది. లాక్‌డౌన్‌లో రోడ్ల మీద బండ్లు లేవు. పొలాల్లో మాత్రం ట్రాక్టర్లు ఆగలేదు. ఆ ఏడాది ఖరీఫ్ దుక్కి దున్నిన ప్రతి రైతూ లీటరుకు 18 రూపాయల రోడ్డు సెస్సు కట్టి పొలం దున్నాడు. రేపు మళ్లీ 2 రూపాయలు 18 కాదని ఎవరు హామీ ఇస్తారు?

ఇక ఆ 4 రూపాయల సెస్సు పేరు మరోసారి చదవండి: వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు. వ్యవసాయాన్ని బాగుచేస్తామని వ్యవసాయం చేసేవాడి ట్యాంకులోంచే లీటరుకు 4 రూపాయలు పిండుతున్నారు. చెరువుకు నీళ్లు నింపుతామని అదే చెరువులోంచి బిందెలు ముంచుకుపోయినట్టుంది.

కేంద్రం తర్వాత రాష్ట్రం. తెలంగాణలో డీజిల్ మీద 27 శాతం వ్యాట్. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆ పైన లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. అంటే ఆంధ్ర రైతు రోడ్డు కోసం ఢిల్లీకి ఒకసారి, అమరావతికి ఒకసారి కడుతున్నాడు. పైగా రాష్ట్రం వ్యాట్ లెక్కకట్టేది కేంద్రం ఎక్సైజ్ కలిపిన ధర మీద. పన్ను మీద పన్ను. 2025 ఏప్రిల్ పెంపు తర్వాతి లెక్కన అన్నీ కలిపి చూస్తే తెలంగాణలో లీటరుకు సుమారు 38 రూపాయలు, ఆంధ్రలో 40కి దగ్గరగా పన్నులకే పోయాయి.

కేంద్రం ఈ డబ్బును సెస్సులుగా, ప్రత్యేక సుంకాలుగా ఎందుకు వసూలు చేస్తోందో కూడా తెలుసుకోవాలి. సెస్సుల్లోనూ ప్రత్యేక సుంకాల్లోనూ రాష్ట్రాలకు వాటా ఉండదు. పంచాల్సింది మూల ఎక్సైజ్ 1.80 ఒక్కటే. 2025 ఏప్రిల్ నాటి 17.80లో మిగతా 16 రూపాయలు మొత్తం ఢిల్లీ ఖజానాకే. అందుకే రాష్ట్రాలు తమ వ్యాట్‌ను పట్టుకుని వేలాడుతున్నాయి. ఆ ఇద్దరి గుంజులాటలో నలిగేది మనం.

ఎకరం లెక్క

దుక్కి, రెండు మూడు సాళ్ల దమ్ము, చదును, కోత మిషను, ధాన్యం కల్లానికి చేర్చడం, ఇవన్నీ కలిపి ఎకరం వరికి ఒక పంటకు 25 లీటర్లు అనుకుందాం. నేలను బట్టి, నీటిని బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. మీ పొలం లెక్క మీరే వేసుకోండి. లీటరుకు 38 రూపాయల పన్ను చొప్పున ఎకరానికి 950 రూపాయలు. రెండు పంటలు వేసే 5 ఎకరాల రైతుకు ఏడాదికి 250 లీటర్లు, 9,500 రూపాయల పన్ను.

ఇప్పుడు పీఎం కిసాన్ కింద ఆ రైతు ఖాతాలో పడేది ఎంత? ఏడాదికి మూడు విడతల్లో 6,000. ఆ 6,000కు బ్యానర్లు, బటన్ నొక్కుళ్లు, ఫోన్‌కు మెసేజీలు. ట్యాంకు మూత దగ్గర పోయే 9,500కు ఏ మెసేజీ రాదు.

నాకు ట్రాక్టరు లేదు, నాకేం సంబంధం అని చిన్న రైతు అనుకోకూడదు. ట్రాక్టరు లేనివాడే ఎక్కువ నష్టపోతున్నాడు. కిరాయి ట్రాక్టరు వాడు డీజిల్ ఖర్చు లెక్కేసుకునే గంట రేటు చెబుతాడు. డీజిల్ పెరిగిన వారంలోనే కిరాయి పెరుగుతుంది. 2022లో ఎక్సైజ్ తగ్గించినప్పుడు మీ ఊళ్లో దమ్ము రేటు ఎంత తగ్గిందో గుర్తు చేసుకోండి. ట్రాక్టరు యజమానిని తిట్టి లాభం లేదు. అతనికీ టైర్లు, కిస్తీలు, డ్రైవరు జీతం ఉన్నాయి.

ఫ్యాక్టరీ యజమాని సంగతి చూడండి. అతను కొన్న ముడిసరుకు మీద కట్టిన జీఎస్టీని అమ్మకం పన్నులో మినహాయించుకుంటాడు. మన ముడిసరుకు డీజిల్. అది జీఎస్టీలోనే లేదు. మినహాయించుకునే దారి మనకు లేదు. ధాన్యం బస్తాకు ధర మనం పెట్టుకోలేం కాబట్టి కొనేవాడి మీదికి నెట్టే దారీ లేదు. 2025 సెప్టెంబరులో ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే, స్వాగతించాం. కానీ ట్రాక్టరు కొనేది పదిహేనేళ్లకోసారి. డీజిల్ కొనేది ప్రతి దుక్కికీ.

బయట ఏం జరుగుతోంది?

అమెరికాలో ట్రాక్టరుకు పోసే డీజిల్ ఎర్రగా ఉంటుంది. రిఫైనరీ నుంచి వచ్చిన డీజిల్‌లో టెర్మినల్ దగ్గర ఎర్ర రంగు కలుపుతారు. 1994 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. రోడ్డు మీద తిరిగే బండి పోసుకునే రంగులేని డీజిల్ మీద గ్యాలనుకు 24.4 సెంట్ల ఫెడరల్ పన్ను ఉంటుంది. ఆ పన్ను ప్రధానంగా రహదారుల నిధికి వెళ్తుంది. పొలంలో వాడే ఎర్ర డీజిల్ మీద ఆ రోడ్డు పన్ను లేదు. కారణం సూటిగా ఉంది: రోడ్డు వాడనివాడు రోడ్డుకు ఎందుకు కట్టాలి? ఒకప్పుడు ఆ రెండు డీజిళ్లలో గంధకం శాతం కూడా వేరుగా ఉండేది. 2010 నుంచి పొలం డీజిల్‌కూ రోడ్డు డీజిల్ ప్రమాణమే వచ్చింది. ఇప్పుడు సరుకు ఒకటే. తేడా రంగులో, పన్నులో మాత్రమే. ఎర్ర డీజిల్ పోసుకుని రోడ్డు మీద దొరికితే 1,000 డాలర్లు, లేదా గ్యాలనుకు 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది జరిమానా.

బ్రిటన్‌లోనూ ఎర్ర డీజిలే. అక్కడ రోడ్డు డీజిల్ సుంకాన్ని 2022లో లీటరుకు 52.95 పెన్నీలకు తగ్గించినప్పుడు ఎర్ర డీజిల్‌ది 10.18 పెన్నీలు. అదే ఏడాది ఏప్రిల్లో నిర్మాణ రంగంతో సహా చాలామందికి ఎర్ర డీజిల్ హక్కు తీసేశారు. వ్యవసాయానికి మాత్రం ఉంచారు.

జర్మనీలో రంగు లేదు. రైతు మామూలు ధరకే కొని తర్వాత లీటరుకు 21.48 సెంట్లు వాపసు తీసుకునేవాడు. 2023 డిసెంబరులో ప్రభుత్వం ఆ వాపసును ఎత్తేస్తామంది. 2024 జనవరిలో వేల ట్రాక్టర్లు బెర్లిన్ వీధుల్లో నిలబడ్డాయి. ప్రభుత్వం ఒక్కసారిగా కాక విడతలుగా తగ్గిస్తామని దిగొచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025లో పూర్తి వాపసు పునరుద్ధరిస్తామని ఒప్పుకుంది. అదే 2024 జనవరిలో ఫ్రాన్సులో రైతులు రహదారులు దిగ్బంధిస్తే, పొలం డీజిల్ మీద పెంచదలచిన పన్నును అక్కడి ప్రధాని విరమించుకున్నాడు.

ఆ దేశాల రైతులు మనకంటే ఎన్నో రెట్లు పెద్ద కమతాలున్నవాళ్లు, సబ్సిడీలు అందుకునేవాళ్లు. వాళ్లకే పొలం డీజిల్ వేరు, రోడ్డు డీజిల్ వేరు అని ఒప్పుకున్న న్యాయం రెండెకరాల రైతుకు వర్తించదా?

ఇది మన దగ్గర కుదరదంటారా?

కుదరదనే వాళ్లకు మన దేశంలోనే జవాబులున్నాయి. ఒకే కరెంటు తీగ మీద వ్యవసాయానికి ఒక రేటు, ఇంటికి ఒక రేటు, ఫ్యాక్టరీకి ఒక రేటు ఉన్నాయి. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపి ఇచ్చిందీ ఈ దేశమే. యూరియా పక్కదారి పట్టకూడదని 2015లో మొత్తం యూరియాకు వేప పూత పూయించిందీ ఈ ప్రభుత్వమే. 2013లో భారీగా కొనే రైల్వేకు, ఆర్టీసీలకు డీజిల్ ఒక ధర, బంకులో మరో ధర పెట్టింది కూడా ఇక్కడే.

అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ మన కోస్తాలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చేపల వేటకు వెళ్లే బోట్లకు డీజిల్ మీద సబ్సిడీ ఇస్తున్నారు. 2019లో దాన్ని లీటరుకు 6.03 నుంచి 9 రూపాయలకు పెంచారు. మత్స్యకార సోదరులకు అది న్యాయంగా దక్కిన హక్కు, ఇంకా పెరగాలి. సముద్రంలో రోడ్డు లేదని ప్రభుత్వం ఒప్పుకుంది. మడిలో రోడ్డు ఎక్కడుందో మాకు చూపించాలి.

కర్ణాటక 2022-23 బడ్జెట్లో రైత శక్తి పేరుతో ఎకరానికి 250 రూపాయల చొప్పున 5 ఎకరాల వరకు డీజిల్ సాయం ప్రకటించింది. బీహార్‌లో వానలు ముఖం చాటేసిన 2023లో డీజిల్ పంపుతో తడి పెట్టే రైతుకు లీటరుకు 75 రూపాయల లెక్కన ఎకరానికి ఒక తడికి 750 ఇచ్చారు. ఆ మొత్తాలు చాలవు, అందరికీ అందలేదు, నిజమే. కానీ దారి లేదన్న మాట అబద్ధమని అవి రుజువు చేస్తున్నాయి.

జాతీయ రహదారుల రుసుము నిబంధనలే చూడండి. టోల్ గేటు దగ్గర ట్రాక్టరుకు, కోత మిషనుకు, ఎడ్లబండికి రుసుము లేదని 2008 నిబంధనల్లో రాసుకున్నారు, పక్కన సర్వీసు రోడ్డు లేనిచోట. గేటు దగ్గర ట్రాక్టరు రోడ్డు వ్యాపారం చేసే బండి కాదు. బంకు దగ్గర మాత్రం అవుతుంది!

మనకు మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఎదుటివాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని సరైనవి. వాటిని దాటేస్తే మన డిమాండు నిలబడదు.

మొదటిది, ట్రాక్టర్లన్నీ పొలంలోనే ఉన్నాయా? లేవు. ఇసుక, ఇటుక, కంకర తోలే ట్రాక్టర్లు ప్రతి మండలంలో ఉన్నాయి. వాటిలో కొన్ని మన సభ్యులవే. ఆ తోలకానికి రాయితీ అడగడం లేదు. అది రోడ్డు వాడకమే, రోడ్డు పన్ను కట్టాల్సిందే. డీజిల్ సెస్సులో కొంత గ్రామీణ రోడ్లకూ వెళ్లిందని, ఆ రోడ్ల మీదే మన ధాన్యం మిల్లుకు పోతోందని కూడా మరచిపోవడం లేదు. రోడ్డు మీద నడిపిన మేరకు కడతాం. మడిలో నడిపినదానికి ఎందుకు?

రెండోది, రంగు డీజిల్ పెడితే కల్తీ జరగదా? జరుగుతుంది. నీలం కిరోసిన్ రేషన్ షాపు నుంచి బంకు ట్యాంకులోకి ఎలా నడిచి వెళ్లిందో ఈ దేశం చూసింది. కల్తీ బంకును సీలు చేసినందుకు 2005లో ఉత్తరప్రదేశ్‌లో షణ్ముగం మంజునాథ్ అనే యువ అధికారి హత్యకు గురయ్యాడు. 2013లో రెండు ధరలు పెట్టగానే ఆర్టీసీ బస్సులు బంకుల ముందు వరుస కట్టాయి. అందుకే మేం ఎర్ర డీజిల్ అడగడం లేదు. బంకులో రెండు పైపులు, రెండు ధరలు వద్దు. దానివల్ల బాగుపడేది దళారీ. బంకులో అందరికీ ఒకే ధర ఉండనివ్వండి. పన్ను మాత్రం సాగు చేసిన ఎకరాల లెక్కన రైతుకు తిరిగి ఇవ్వండి.

మూడోది, చౌక డీజిల్ ఇస్తే వృథా పెరగదా, పొగ పెరగదా? ఎకరానికి ఇంత అని వాపసు ఇస్తే బంకు ధర మారదు. లీటరు ఆదా చేసిన రైతుకు ఆ లీటరు ధర మొత్తం మిగులుతుంది. ఎక్కువ తాగే పాత ఇంజనుకు ఎక్కువ వాపసు ఉండదు.

నాలుగోది, డీజిల్ ఖర్చు మద్దతు ధరలో లెక్కిస్తున్నాం కదా అంటారు. 2025-26కు సాధారణ వరికి ప్రకటించిన 2,369 రూపాయలు కల్లం దగ్గర మనలో ఎంతమందికి చేతికందాయి? తేమ, తాలు పేరుతో పోయిన కోత ఎంత? చట్టబద్ధత లేని మద్దతు ధరను చూపించి ఖచ్చితంగా వసూలయ్యే పన్నును సమర్థించడం చెల్లదు.

ఎవరికి ఇవ్వాలి?

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఎకరం లెక్కన వాపసు అనగానే పట్టాదారు పాసుపుస్తకం చూసి డబ్బు వేస్తారు. రైతుబంధులో ఏం జరిగిందో మనకు అనుభవమే. భూమి ఉన్నవాడి ఖాతాలో డబ్బు పడింది, దమ్ము కిరాయి కట్టిన కౌలు రైతు చూస్తూ నిలబడ్డాడు. డీజిల్ వాపసులో అది మళ్లీ జరిగితే మనం సాధించినట్టు కాదు. డీజిల్ కాల్చినవాడికి కాక కాగితం ఉన్నవాడికి చెల్లించినట్టే. ఆంధ్రలో ఈ-పంట నమోదు ఉంది. తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారులు పంట వివరాలు నమోదు చేస్తున్నారు. ఆ నమోదులో సాగుదారు పేరు నిజంగా ఎక్కాలి. భూ యజమాని సంతకం కోసం తిప్పుకోకుండా ఎక్కాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

ఒకటి. పొలంలో వాడే డీజిల్ మీద రోడ్డు, మౌలిక వసతుల సెస్సు, వ్యవసాయ సెస్సు, ప్రత్యేక అదనపు ఎక్సైజ్ మూడింటినీ కేంద్రం ఎకరాల లెక్కన ప్రతి పంటకు వాపసు ఇవ్వాలి.

రెండు. రెండు రాష్ట్రాలూ తమ వ్యాట్‌లో పొలం డీజిల్ వాటాను అదే పద్ధతిలో తిరిగి ఇవ్వాలి. ఆంధ్ర ప్రభుత్వం రూపాయి రోడ్డు సెస్సుతో మొదలుపెట్టాలి. అది చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మూడు. వాపసు సాగుదారుకే. కౌలు రైతుకు, పోడు రైతుకు, మహిళా రైతుకు పంట నమోదే ఆధారం కావాలి.

నాలుగు. ఒక కుటుంబానికి 10 ఎకరాల పరిమితి ఉండాలి. వంద ఎకరాల ఫాంహౌసుకు డీజిల్ వాపసు ఇవ్వాలని ఈ సంఘం అడగదు.

ఐదు. సెస్సుల కింద వసూలైన సొమ్ములో వ్యవసాయ డీజిల్ నుంచి వచ్చింది ఎంతో, ఎక్కడ ఖర్చు పెట్టారో ఏటా ప్రకటించాలి.

నోటుబుక్కు తీయండి

ఈ డిమాండ్లతో వెళ్తే అధికారి అడిగే మొదటి ప్రశ్న: ఎకరానికి ఎన్ని లీటర్లు? పైన 25 అనుకున్నాం. అనుకోలు లెక్కతో గెలవలేం. నల్లరేగడికి ఒకటి, ఎర్రనేలకు ఒకటి, డెల్టా మాగాణికి ఒకటి, పత్తికి, మొక్కజొన్నకు, వరికి వేర్వేరు లెక్కలు కావాలి. అవి మన దగ్గరే ఉన్నాయి, ఏ ఆఫీసులోనూ లేవు.

ఈ రబీ, యాసంగిలో ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. ట్రాక్టరున్న సభ్యులు బంకు బిల్లు పారేయకుండా దాచాలి. ఏ రోజు, ఏ పని, ఎన్ని గంటలు, ఎన్ని లీటర్లు, ఎన్ని ఎకరాలు అని నోటుబుక్కులో రాయాలి. ఇసుక తోలిన రోజు ఇసుక అనే రాయాలి, దాచొద్దు. కిరాయికి తోలించుకున్న రైతులు గంటకు ఎంత ఇచ్చారో రాయాలి. కౌలు రైతుల పేర్లు వేరుగా, తప్పకుండా రాయాలి. కోతలు అయ్యాక ఆ పుస్తకాలతో మండల సమావేశానికి రండి. అక్కడ కలిపిన లెక్కను జిల్లాకు, జిల్లాల లెక్కను రెండు ముఖ్యమంత్రుల కార్యాలయాలకు తీసుకువెళ్దాం.

బెర్లిన్ రైతులు ట్రాక్టర్లు వీధిలో పెట్టి తమ వాపసు నిలబెట్టుకోవడానికి పోరాడారు. మనం ఇంకా పొందనిదాని కోసం పోరాడుతున్నాం. మన ట్రాక్టర్లూ రోడ్డెక్కే రోజు రావచ్చు. ఆ రోజు దమ్ము చక్రాలు విప్పి, రబ్బరు టైర్లతోనే వద్దాం. రోడ్డు పాడు చేయం. దానికి ఇప్పటికే బాగా కట్టేశాం.